గాజు పలకలపై నక్షత్రములు

రాత్రివేళ తలయెత్తి చూచువారికి నక్షత్రముల అమరిక ఎన్నడును మారనట్లు తోచును. సప్తర్షి మండలము తాతకు కనిపించిన ఆకారముననే మనుమనికిని కనిపించును. నిజమునకు ప్రతి నక్షత్రమును కదలుచునే యున్నది. మిక్కిలి దూరమున నుండుటచే ఆ చలనము కంటికి అందదు. దీనినే స్వీయచలనము అందురు. దీనిని కనుగొనవలెనన్న ఒక తరమువారు నక్షత్రపు తావును సూక్ష్మముగా కొలిచి వ్రాసి ఉంచవలెను. మరియొక తరమువారు తిరిగి కొలిచి పోల్చవలెను.

ఈ పనికి ఛాయాచిత్రము కొత్త సాధనముగా వచ్చెను. 1882లో డేవిడ్ గిల్ దక్షిణాఫ్రికానుండి ఒక తోకచుక్క చిత్రములు తీయించగా, వాటిలో వెనుకనున్న నక్షత్రములు కూడ పెక్కు పడెను. మన కన్ను ఎంతసేపు చూచినను మసక చుక్క మసకగానే యుండును. గాజు పలకపైని రసాయనపు పూత మాత్రము నిమిషముల తరబడి వెలుగును కూడబెట్టుకొనును. 1887లో పారిస్ నగరమున శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతటిని వలయములుగా విభజించి సుమారు 20 వేధశాలలకు పంచిపెట్టుటకు పూనుకొనిరి.

చిలీ దేశపు సాంటియాగోకు కేటాయించిన ఒక వలయమున పని సాగలేదు. అది పిమ్మట హైదరాబాదునకు వచ్చెను. అచ్చట నవాబు జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో ప్రభుత్వము స్వీకరించి, తరువాత బేగంపేటకు మార్చెను. ఛాట్‌వుడ్ తొలి సంచాలకుడు. 1914లో పోకాక్, 1918లో ఆయన మరణానంతరము టి. పి. భాస్కరన్ ఆ బాధ్యత వహించిరి. దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల క్రాంతి వరకు గల వలయము వారి వంతు. అనూరాధలోని రెండు తారలు ఈ వలయముననే కలవు.

ఆ రాత్రులలో పని ఎట్లుండెడిదో చూతము. 8 అంగుళముల ఛాయాచిత్ర దూరదర్శినిలో గాజు పలకను అమర్చెదరు. భూభ్రమణమునకు సరిగా దూరదర్శిని తిరుగుటకు గడియారపు యంత్రము కలదు. కాని అది కొంచెము తప్పినను చుక్క గీతగా సాగిపోవును. కనుక పరిశీలకుడు ప్రక్కనున్న మరియొక దూరదర్శినిలో ఒక నక్షత్రమును సన్నని దారముల కూడలియందు నిలిపి, అది జరిగినపుడెల్ల మరను త్రిప్పి సరిచేయుచుండవలెను. అంతసేపును అతడు చూచునది ఆ ఒక్క చుక్కనే.

పలకపై 5 మిల్లీమీటర్ల గళ్ళను కూడ ముద్రించెడివారు. కడుగునపుడు పూత సాగినచో గళ్ళును దానితో సాగును. కనుక కొలత చెడదు. ఒకే పలకపై కొద్దిగా జరిపి రెండుమూడు మారులు చిత్రము తీయుటయు కలదు. అప్పుడు నక్షత్రము జంటగనో మూడుగనో కనిపించును. దుమ్ము రేణువు ఒంటరిగా నుండును.

పగటి పని ఇంతకంటె దీర్ఘమైనది. సూక్ష్మదర్శినితో ఒక్కొక్క చుక్క ఏ గడిలో ఎచ్చట నున్నదో చదివి అంకెలలో వ్రాయవలెను. అనేక వేధశాలలలో పలకను తలక్రిందులు చేసి మరల కొలిచెడివారు. కంటికి ఒక ప్రక్కకు మొగ్గు అలవాటున్నచో అది ఇట్లు తీరిపోవును. 1914, 1929 సంవత్సరముల మధ్య హైదరాబాదులో 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రములను ఇట్లు పరిశీలించిరి. ఫలితములు 12 సంపుటములుగా వెలువడెను.

అన్ని వేధశాలలదియు కలిపి సుమారు 46 లక్షల నక్షత్రముల పట్టిక ముగియుటకు 1964 వరకు పట్టెను. అప్పటికి సాధనములు మారిపోయెను. ఇంత శ్రమయు వృథా యైనదని పలువురు తలచిరి.

1989లో ఐరోపావారు హిప్పార్కస్ ఉపగ్రహమును ప్రయోగించిరి. 1993 వరకు అది నక్షత్రముల తావులను కొలిచెను. కాని అంత స్వల్పకాలములో మసక నక్షత్రముల చలనము చక్కగా తేలదు. ఆ పలకలపై 1 మిల్లీమీటరునకు ఆకాశమున 1 కళ, అనగా 60 వికళలు. ఏడాదికి వికళలో 20వ వంతు కదలు నక్షత్రము 70 ఏండ్లలో మూడున్నర వికళలు జరుగును. పలకపై ఇది మిల్లీమీటరులో సుమారు 17వ వంతు. సూక్ష్మదర్శినికి సులభముగా అందును. మూడున్నర ఏండ్లలోనైనచో జరుగునది దీనిలో 20వ వంతు మాత్రమే.

కనుకనే అమెరికా నావికాదళ వేధశాలవారు పాత సంపుటములలోని అంకెలను గణనయంత్రములకెక్కించి సరిచూచిరి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలోని 25 లక్షల నక్షత్రముల చలనములను నిర్ణయించుటలో ఉపగ్రహపు కొలతలకు ఆ పాత కొలతలు తోడుపడెను. బేగంపేటలో మరను పట్టుకొని కూర్చున్న పరిశీలకునకు తన పలకపైని చుక్క కదలుట కనిపించలేదు. అతడు సరిగా కొలిచి ఉంచుటచేతనే అది ఎంత కదలినదో తరువాతివారికి తెలిసినది.