జోజిలాకు దారి వేసిన తంబీలు



కాశ్మీర్ లోయ నుండి లడాఖ్ వెళ్ళాలంటే జోజిలా కనుమ దాటాలి. ఎత్తు 11,500 అడుగులకు పైనే. 1948లో అక్కడికి ట్యాంకులు ఎక్కిన సంగతి మనలో చాలామంది విని ఉంటారు. అవి ఏ దారిలో ఎక్కినవి, ఆ దారి ఎవరు వేసినారు అన్నది కూడా మన పిల్లలకు తెలియాలి.

ఆ ఏడు వేసవికే ద్రాస్, కార్గిల్ చేజారినవి. లేహ్‌కు రోడ్డు తెగింది. ఇక మిగిలింది విమానాలు, మనాలీ వైపు నుండి కష్టమైన కాలిబాట. సెప్టెంబరులో మన సైన్యం జోజిలా మీదికి వెళ్ళింది. కానీ కొండ పైనుండి శత్రువు కాల్పులకు నిలవలేకపోయింది. చలికాలం దగ్గరపడుతోంది.

అప్పుడు కొడగుకు చెందిన మేజర్ జనరల్ తిమ్మయ్య ట్యాంకులు తెప్పించాలని నిర్ణయించినారు. 7వ లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకులను జమ్ము వైపు నుండి రహస్యంగా నడిపించినారు. ట్యాంకులని ఎవరూ గుర్తుపట్టకుండా పైన తిరిగే ఫిరంగి గూళ్ళను విప్పేసినారు. అలా కనుమ కింద ఉన్న బాల్తాల్ చేరినారు.

అక్కడి నుండి పైకి ఉన్నది కంచరగాడిదల బాట. ఒక్కో ట్యాంకు బరువు సుమారు 15 టన్నులు. రైల్వేలో గూడ్సు లెక్కలు రాసిన మాకు అది ఒక వ్యాగన్ నిండని సరుకు. కానీ ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న బాట మీద అది ఎంత భారమో ఊహించుకోండి! మేజర్ తంగరాజు, ఆయన వెంట ఉన్న మద్రాస్ శాపర్స్ జవాన్లు శత్రువు కాల్పుల మధ్యనే కొండను తొలిచి ఆ బాటను ట్యాంకు పట్టే దారిగా చేసినారు.

మంచు వల్ల వాయిదాపడిన దాడి నవంబరు 1న జరిగింది. ఆ ఎత్తులో ట్యాంకు వస్తుందని శత్రువు కలలో కూడా అనుకోలేదు. ఆ రోజే కనుమ మన చేతికి వచ్చింది. నవంబరు 15న ద్రాస్, ఆ నెలలోనే కార్గిల్ తిరిగి వచ్చినవి. లేహ్ దారి తెరుచుకుంది.

1949 జనవరి 1 నుండి కాల్పుల విరమణ. ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడే ఆగిపోయినారు. దారి పని వసంతానికి వాయిదా వేసి ఉంటే? లేహ్ రోడ్డు ఈనాడు ఎవరి చేతిలో ఉండేదో ఆలోచించండి.

బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ శాపర్స్‌లో తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడే వాళ్ళందరూ చేరుతారు. ఇంట్లో ఏ భాష అయినా సైన్యంలో వాళ్ళందరికీ ఒకటే పేరు, తంబి. తంబి అంటే మన తమ్ముడే కదా! రైలు వేళకు వస్తే డ్రైవరును మెచ్చుకుంటాము, పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌ను ఎవరూ అడగరు. జోజిలా కథలో ఈ తమ్ముళ్ళకు అలా జరగకూడదు.

మీ ఇంట్లో శాపర్స్‌లో పనిచేసిన పెద్దలుంటే వారి దగ్గర కూర్చొని అడగండి. వారు చెప్పింది రాసి పెట్టండి. మన సంఘంలో అందరం చదువుకుందాము.