అంచులు తెగిన బొమ్మ

1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక వీడియో క్యాసెట్ల అట్టమీద తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, సెన్సారు సర్టిఫికెట్ నకలు తప్పనిసరయ్యాయి. దొంగ క్యాసెట్లు ఊరూరా అద్దెకు తిరుగుతున్న రోజులవి. మంచి నియమాలే. కానీ లోపల అసలు బొమ్మ ఎంత మిగిలిందో రాయమని ఆ చట్టం అడగలేదు.

లెక్క చూడండి. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు, నాటి టీవీది 1.33 రెట్లు. టీవీ నిండేలా కోస్తే నూటికి 43 వంతులు పక్కలకు పోతుంది. పోకూడదంటే పైనా కిందా నల్లపట్టీలు వదలాలి. పట్టీలు కనిపిస్తే అద్దెకు తీసుకున్నాయన దుకాణం మీదికొస్తాడు. ఆయన్నేమనగలం? ఎవరూ చెప్పలేదు మరి.

కలకత్తాకు ఈ నష్టం సొంతింటిది. దర్శకుడు గురుదత్ పెరిగింది అక్కడే, సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసిందీ అక్కడే. 1959లో ఆయన తీసిన 'కాగజ్ కే ఫూల్' దేశంలో తొలి సినిమాస్కోప్ చిత్రం. అందులో గీతాదత్ పాట ఒకటుంది. ఖాళీ స్టూడియో. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి అద్దాలతో ఎండను మళ్లించి పైనుంచి ఏటవాలుగా దింపిన వెలుగు. ఆ చీకటి వెలుగుల్లో దూరదూరంగా గురుదత్, వహీదా రెహమాన్. వాళ్లు మాట్లాడుకోరు, ఆ దూరమే సన్నివేశం. పక్కలు కోస్తే ముందు పోయేది అదే. 1974లో చింతపల్లి అడవుల్లో వి.ఎస్.ఆర్. స్వామి స్కోప్‌లో పట్టిన 'అల్లూరి సీతారామరాజు' కొండల గతీ అంతే.

అమెరికాలో దర్శకుడు వుడీ ఆలెన్ పట్టుబట్టి తన 'మాన్‌హటన్' క్యాసెట్‌ను పైనా కిందా బూడిదరంగు పట్టీలతోనే బయటికి తెప్పించాడు. తన సినిమాను కోసి ప్రసారం చేసినందుకు సిడ్నీ పోలాక్ డెన్మార్క్‌లో కోర్టుకెక్కాడు.

మన వీడియో లైబ్రరీ యజమానిని ఒప్పించడానికి అంత అక్కర్లేకపోయేది. ఒకే ఫ్రేమును కోసినదీ కోయనిదీ పక్కపక్కన కౌంటర్ మీద పెడితే గిరాకీయే అడిగేవాడు. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా 1947లో ఫిల్మ్ సొసైటీ పెట్టిన కలకత్తాకు ఆ రెండు బొమ్మలు చూపించగల మనుషులు కరువా?

ఇప్పుడు టీవీలే వెడల్పయ్యాయి, కోత దిశ మారింది. రాయ్ 'పథేర్ పాంచాలి' దాదాపు చదరపు బొమ్మ. దాన్ని 16:9 తెర నిండా లాగితే మనుషులు సాగిపోతారు, కోస్తే పైనా కిందా కలిపి నాలుగో వంతు దాకా పోతుంది. ఈసారి ఆ సినిమా పెట్టినప్పుడు పక్కల్లో నల్లపట్టీలొస్తే రిమోట్ జోలికి వెళ్లకండి.