అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌ల సైడ్‌లైన్ దుస్తులు

అమెరికాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు అత్యున్నత వేదిక నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్‌ఎఫ్‌ఎల్). అక్కడి ఫుట్‌బాల్ మనకు తెలిసిన సాకర్ కాదు. శిరస్త్రాణాలు, భుజకవచాలు తొడుక్కుని, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ ఆడే ఆట. మైదానం అంచు గీతను సైడ్‌లైన్ అంటారు. మ్యాచ్ సాగినంతసేపూ హెడ్ కోచ్, ఆయన సహాయకులు ఆ గీత పక్కనే నిలబడి ఆటను నడిపిస్తారు. అక్కడ ఏం తొడుక్కోవాలన్నది తొలి దశాబ్దాల్లో కోచ్ సొంత ఇష్టం. ఇప్పుడు అది లీగ్‌కూ దుస్తుల తయారీ సంస్థలకూ మధ్య కుదిరే ఒప్పందాల పరిధిలోని విషయం. కోటు, టై, ఫెడోరా టోపీల నుంచి జట్టు గుర్తున్న జాకెట్లు, హుడీల దాకా వచ్చిన ఈ మార్పులో ఫ్యాషన్, టెలివిజన్, చలి అన్నిటికీ పాత్ర ఉంది. కానీ ఇష్టంగా ఉన్నదాన్ని నిబంధనగా మార్చింది మాత్రం వ్యాపారమే.

కోచ్ వేషానికి ఎందుకంత ప్రాధాన్యం

అమెరికన్ ఫుట్‌బాల్ తెరిపి లేకుండా సాగే ఆట కాదు. ప్రతి ఎత్తూ కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. తర్వాతి ఎత్తు మొదలయ్యేలోపు ఏం ఆడాలో కోచ్‌లు నిర్ణయించి మైదానంలోకి కబురు పంపుతారు. ఆ విరామంలో టెలివిజన్ కెమెరా తరచుగా కోచ్ వైపే తిరుగుతుంది. ఆటగాళ్ల ముఖాలు శిరస్త్రాణాల వెనుక ఉండిపోతాయి కాబట్టి, మైదానంలో ప్రేక్షకుడికి పూర్తిగా కనిపించే ముఖం కోచ్‌దే. అందుకే ఆయన టోపీ, కోటు, చివరకు చేతి తొడుగులు కూడా జట్టుకు గుర్తులైపోయాయి.

ఈ విషయంలో అమెరికాలోని మిగతా పెద్ద ఆటలు వేరే దారిలో నడిచాయి. బేస్‌బాల్‌లో జట్టు మేనేజర్ ఆటగాళ్ల యూనిఫామే తొడుక్కుంటాడు. 1950 వరకు ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌ను నడిపిన కోనీ మ్యాక్ సూటులోనే కూర్చునేవాడు గానీ, ఆయనది మినహాయింపు. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కోచ్‌లు 2020 వరకు సూటు, కోటుల్లోనే కనిపించారు. ఆ ఏడాది కరోనా కారణంగా మిగిలిన మ్యాచ్‌లన్నీ ఒర్లాండోలో జరిపినప్పుడు నియమం సడలించగా, పోలో చొక్కాల అలవాటు ఆ తర్వాతా నిలిచింది. ఫుట్‌బాల్ కోచ్‌కు ఇలాంటి స్థిరమైన సంప్రదాయం ఏదీ లేకపోవడంతో చాలాకాలం ఎవరి తీరు వారిదిగా సాగింది.

తొలి దశ: ఆటగాడే కోచ్

1920లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో అమెరికన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. 1922లో దాని పేరు ఎన్‌ఎఫ్‌ఎల్‌గా మారింది. అప్పటి కోచ్‌లు చాలామంది తామూ ఆడేవారు. షికాగో బేర్స్ వ్యవస్థాపకుడు జార్జ్ హాలస్, గ్రీన్ బే ప్యాకర్స్ వ్యవస్థాపకుడు కర్లీ లాంబో ఇద్దరూ ఆడుతూనే జట్లను నడిపినవారు. కోచ్ దుస్తులన్న ప్రశ్నే అప్పుడు లేదు. ఆటగాడి జెర్సీయే కోచ్ జెర్సీ.

1920ల చివరికి వీరు ఆట విరమించి గీత బయట నిలబడ్డారు. ఆ కాలపు అమెరికాలో పనికి వెళ్లే మధ్యతరగతి మగవాడు ఎలా తయారయ్యేవాడో వీరూ అలాగే తయారై వచ్చారు: సూటు, టై, చలికాలంలో పొడవాటి ఓవర్‌కోటు, తల మీద ఫెడోరా. హాలస్ నాలుగు విడతలుగా 40 సీజన్లు బేర్స్‌కు కోచ్‌గా ఉన్నాడు. చివరి విడత 1967లో ముగిసే నాటికీ ఆయన కోటు, టోపీ వదల్లేదు.

ఈ వేషానికి వృత్తిగౌరవం తెచ్చినవాడు పాల్ బ్రౌన్. హైస్కూలు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన 1946లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పగ్గాలు పట్టాడు. ఆటగాళ్లను తరగతి గదిలో కూర్చోబెట్టి నోట్సు రాయించడం, ప్రత్యర్థుల ఆట ఫిల్ములు చూపించి పాఠం చెప్పడం, ఆటగాళ్లను మార్చి మార్చి పంపుతూ వాళ్లతోనే తన నిర్ణయాలు లోపలికి చేరవేయడం ఆయన పద్ధతులు. 1956లో క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) శిరస్త్రాణంలో రేడియో అమర్చి చూశాడు. లీగ్ కమిషనర్ బర్ట్ బెల్ దాన్ని నిషేధించాడు. కోచ్ అంటే అరిచేవాడు కాదు, ఆలోచించేవాడన్న కొత్త భావనకు ఆయన సూటు, టోపీ చక్కగా సరిపోయాయి. 1960ల్లో శాన్ డియేగో చార్జర్స్‌ను నడిపిన సిడ్ గిల్‌మన్ బో టైతో గుర్తుండిపోయాడు.

లాంబార్డీ, లాండ్రీ

సైడ్‌లైన్ సూటుకు శాశ్వత కీర్తి తెచ్చిన ఇద్దరూ ఒకే గూటి నుంచి వచ్చారు. 1950ల్లో న్యూయార్క్ జెయింట్స్ హెడ్ కోచ్ జిమ్ లీ హొవెల్ కింద విన్స్ లాంబార్డీ దాడి విభాగాన్ని, టామ్ లాండ్రీ రక్షణ విభాగాన్ని చూసుకునేవారు. 1958 డిసెంబర్ 28న బాల్టిమోర్ కోల్ట్స్‌తో జరిగిన ఫైనల్లో జెయింట్స్ అదనపు సమయంలో 23–17తో ఓడిపోయింది. టెలివిజన్‌లో అసంఖ్యాకులు చూసిన ఆ మ్యాచ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ను ఇంటింటి ఆటగా మార్చింది. దాంతో సైడ్‌లైన్ కూడా తెర మీదికి వచ్చింది.

1959లో గ్రీన్ బే ప్యాకర్స్ చేపట్టిన లాంబార్డీ ఐదు లీగ్ టైటిళ్లు గెలిచాడు. సీజన్ చివర జరిగే ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లలో మొదటి రెండూ ఆయనవే. ఒంటె రంగు ఓవర్‌కోటు, టోపీ, కళ్లద్దాలు, బిగ్గరగా గదమాయించే గొంతు కలిసి ఆయన రూపమయ్యాయి.

లాండ్రీ తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్ విమానం నడిపిన ఆయన, 1960 నుంచి 1988 వరకు 29 సీజన్లు డాలస్ కౌబాయ్స్‌కు కోచ్‌గా ఉన్నాడు. 1966 నుంచి 1985 దాకా వరుసగా 20 సీజన్లు ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు సాధించిన జట్టు అది. 1960ల్లో అమెరికన్ పురుషులు టోపీలు మానేస్తున్నారు. లాండ్రీ మాత్రం ఫెడోరా వదల్లేదు. జట్టు ఓడుతున్నా గెలుస్తున్నా ఆ టోపీ కింది ముఖంలో మార్పు కనిపించేది కాదు. ఆ నిబ్బరమే ఆయన వేషానికి అర్థం ఇచ్చింది.

1989 ఫిబ్రవరిలో కొత్త యజమాని జెర్రీ జోన్స్ ఆయన్ను తొలగించాడు. 2000లో లాండ్రీ మరణించాక ఆ సీజన్ అంతా కౌబాయ్స్ ఆటగాళ్లు ఫెడోరా బొమ్మ ఉన్న గుర్తును జెర్సీల మీద ధరించారు. ఆస్టిన్‌లోని టెక్సస్ రాష్ట్ర శ్మశానవాటికలో ఆయన స్మారకం మీదా ఆ టోపీనే చెక్కారు.   

ఎవరి తీరు వారిది

1970లు, 80లు సైడ్‌లైన్ దుస్తుల్లో అత్యంత వైవిధ్యమున్న కాలం. 1970 జనవరి 11న జరిగిన నాలుగో సూపర్ బౌల్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్ కోచ్ హాంక్ స్ట్రామ్ నల్ల కోటు కింద ఎర్ర వెయిస్ట్‌కోటు తొడిగి, లీగ్ చిత్ర నిర్మాణ విభాగమైన ఎన్‌ఎఫ్‌ఎల్ ఫిల్మ్స్ వారి మైక్రోఫోన్ కూడా తగిలించుకున్నాడు. సూపర్ బౌల్‌లో ఇలా మైక్ ధరించిన మొదటి కోచ్ ఆయనే. మిన్నెసోటా వైకింగ్స్ మీద 23–7తో గెలిచిన ఆ రోజు ఆయన మాటలు, వేషం రెండూ చరిత్రకెక్కాయి.

ఓడిన వైకింగ్స్ కోచ్ బడ్ గ్రాంట్‌ది నిరాడంబరమైన తీరు. గడ్డకట్టే మిన్నెసోటా చలిలోనూ తన జట్టు బెంచీల దగ్గర హీటర్లు పెట్టనిచ్చేవాడు కాదు. 2016 జనవరిలో 88 ఏళ్ల వయసులో, మైనస్ 21 డిగ్రీల సెల్సియస్ చలిలో, పొట్టి చేతుల చొక్కాతో నాణెం ఎగరేసే వేడుకకు వచ్చి తన పాత పట్టుదల చూపాడు.

హ్యూస్టన్ ఆయిలర్స్ కోచ్ బమ్ ఫిలిప్స్ కౌబాయ్ టోపీ, బూట్లతో టెక్సస్ పల్లె మనిషిలా వచ్చేవాడు. అయితే జట్టు సొంత మైదానం ఆస్ట్రోడోమ్‌కు పైకప్పు ఉంది కనుక అక్కడ టోపీ తీసేసేవాడు. ఇంట్లో టోపీ పెట్టుకోకూడదన్నది తల్లి నేర్పిన మర్యాద అని చెప్పేవాడు. తర్వాత అదే జట్టుకు వచ్చిన జెర్రీ గ్లాన్‌విల్ ఆపాదమస్తకం నలుపే ధరించాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో బిల్ వాల్ష్ తెల్ల స్వెటర్, షికాగోలో మైక్ డిట్కా జట్టు స్వెటర్, ఎండలు కాసే మయామిలో డాన్ షూలా పోలో చొక్కా ఆయా ఊళ్ల వాతావరణానికీ కోచ్‌ల స్వభావానికీ అద్దం పట్టాయి. కోటు నుంచి తేలిక దుస్తుల వైపు మొగ్గు ఈ దశలోనే మొదలైంది. అప్పటికి అది కోచ్‌లు తమంతట తాము ఎంచుకున్న మార్పు.

వ్యాపారం రంగప్రవేశం

జట్ల పేర్లు, గుర్తులతో వస్తువులు అమ్ముకునే హక్కుల నిర్వహణకు 1963లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రాపర్టీస్ ఏర్పడింది. ఆ రాబడిని జట్లన్నీ సమానంగా పంచుకోవడం లీగ్ ఆర్థిక విధానానికి మూలస్తంభం. 1980ల్లో జట్టు జాకెట్లు, టోపీలు మైదానం దాటి వీధుల్లోకి వచ్చాయి. ఆటగాడి శిరస్త్రాణం, భుజకవచం అభిమాని తొడుక్కోలేడు. కోచ్ జాకెట్ తొడుక్కోగలడు. అందుకే అమ్మకానికి కోచ్ అందరికన్నా అనువైన మోడల్ అయ్యాడు. 1990ల్లో లైసెన్సు పొందిన దుస్తులు సైడ్‌లైన్‌ను నింపేశాయి.

ఆ స్థలం విలువ ఎంతో 1995లో బయటపడింది. ఉమ్మడి విధానానికి భిన్నంగా డాలస్ యజమాని జెర్రీ జోన్స్ నైకీతో సొంతంగా ఒప్పందం కుదుర్చుకున్నాడు. సెప్టెంబర్ 4న జెయింట్స్‌తో మ్యాచ్ జరుగుతుండగా నైకీ అధినేత ఫిల్ నైట్‌ను వెంటబెట్టుకుని సైడ్‌లైన్ మీద నడిచాడు. లీగ్ ఆయన మీద 30 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఆయన ఎదురు దావా వేశాడు. చివరకు రాజీ కుదిరింది. లాండ్రీని తొలగించిన యజమానే సైడ్‌లైన్ అమ్మకపు విలువను లోకానికి చూపినవాడు కావడం ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు.

2000 డిసెంబర్‌లో లీగ్ రీబాక్‌తో పదేళ్ల ఒప్పందాన్ని ప్రకటించింది. 2002 నుంచి జెర్సీలతో పాటు సైడ్‌లైన్ దుస్తులకూ రీబాక్ ఏకైక సరఫరాదారు అయింది. సొంత దర్జీ చేత సూటు కుట్టించుకుని వచ్చే వీలు కోచ్‌కు ఇక లేకుండా పోయింది.

నోలన్ సూటు

ఈ కట్టడిని బహిరంగంగా ప్రశ్నించినవాడు శాన్ ఫ్రాన్సిస్కో 49ర్స్ కోచ్ మైక్ నోలన్. ఆయన తండ్రి డిక్ నోలన్ 1968 నుంచి 1975 వరకు అదే జట్టుకు కోచ్. అంతకుముందు డాలస్‌లో లాండ్రీ దగ్గర సహాయ కోచ్‌గా పనిచేసిన డిక్, గురువు లాగే కోటు, టైతో మైదానానికి వచ్చేవాడు. తండ్రి పట్ల గౌరవంగా తానూ సూటు వేసుకుంటానని 2005లో మైక్ నోలన్ కోరగా లీగ్ కాదంది.

2006లో మధ్యేమార్గం దొరికింది: సూటు వేసుకోవచ్చు, కానీ అది రీబాక్ తయారు చేసినదై ఉండాలి. సొంత మైదానంలో రెండు మ్యాచ్‌లకు అనుమతి ఇచ్చారు. జాక్సన్‌విల్ జాగ్వార్స్ కోచ్ జాక్ డెల్ రియో కూడా ఇదే అనుమతి తీసుకున్నాడు. నవంబర్ 19న నోలన్ సూటులో నిలబడగా 49ర్స్ సియాటిల్‌ను 20–14తో ఓడించింది. మర్నాడు డెల్ రియో జట్టు జెయింట్స్‌పై 26–10తో గెలిచింది. 2007 నవంబర్‌లో డిక్ నోలన్ కన్నుమూశాడు. 2008 అక్టోబర్‌లో మైక్ నోలన్ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత సూటు సైడ్‌లైన్‌కు అలవాటుగా తిరిగి రాలేదు. ఒక కొడుకు తండ్రిని తలచుకోవడానికి దుస్తుల కంపెనీ సమ్మతి అవసరమైందన్న వాస్తవం, కోచ్ ఒంటి మీది బట్ట ఎవరి అధీనంలోకి వెళ్లిందో తేల్చి చెప్పింది.

హుడీ

నియమాన్ని మీరకుండానే సొంత ముద్ర వేసినవాడు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్. 2000 నుంచి 2023 వరకు ఆ జట్టును నడిపి ఆరు సూపర్ బౌల్‌లు గెలిచిన ఆయన, లీగ్ ఆమోదించిన బూడిదరంగు హుడీనే తీసుకుని మోచేతుల దగ్గర చేతులు కత్తిరించేసేవాడు. తన చేతులు పొట్టివని కారణం చెప్పేవాడు. అలంకరణ పట్ల ఏ శ్రద్ధా లేని ఆ రూపం లాండ్రీ ఫెడోరా అంత ప్రసిద్ధమైంది. హుడీ అమ్మకపు సరుకే. కత్తిరింపు మాత్రం ఆయన సొంతం.

ఆరోగ్యం, సాంకేతికత, నేటి స్థితి

కోచ్ వేషంపై లీగ్ అత్యంత కఠినంగా వ్యవహరించిన సందర్భం 2020 సీజన్. కరోనా నిబంధనల ప్రకారం సైడ్‌లైన్ మీద మాస్కు తప్పనిసరి అయింది. సెప్టెంబర్ 10న తొలి మ్యాచ్‌లో చీఫ్స్ కోచ్ ఆండీ రీడ్ ప్లాస్టిక్ ముఖకవచం ఆవిరితో మసకబారిపోయింది. రెండో వారంలో మాస్కు సరిగా పెట్టుకోని కోచ్‌లు పీట్ కారల్, కైల్ షానహన్, విక్ ఫాంజియో, షాన్ పేటన్, జాన్ గ్రూడెన్‌లకు తలా లక్ష డాలర్లు, వారి జట్లకు రెండున్నర లక్షల డాలర్ల చొప్పున జరిమానా పడింది.

హెడ్‌సెట్ కూడా వేషంలో భాగమైంది. మోటరోలా, బోస్, సోనీ వంటి సంస్థల పేర్లు వరుసగా కోచ్‌ల చెవుల మీదికి ఎక్కాయి. తల మీదుగా వచ్చే పట్టీకి ఫెడోరా లాంటి వెడల్పు అంచు టోపీ కుదరదు. ముందు మాత్రమే అంచున్న క్యాప్ కుదురుతుంది.

2012లో సైడ్‌లైన్ దుస్తుల హక్కులు నైకీకి, టోపీల హక్కులు న్యూ ఎరాకు వెళ్లాయి. అక్టోబర్‌లో క్యాన్సర్ అవగాహన, నవంబర్‌లో సైనికుల గౌరవార్థం ప్రత్యేక దుస్తులు వస్తాయి. అవే దుకాణాల్లోనూ అమ్ముడవుతాయి.

అంచనా

దుస్తుల నియమం వల్ల లీగ్‌కు స్థిరమైన ఆదాయం వచ్చింది. దాన్ని చిన్న ఊరి జట్టూ మహానగర జట్టూ సమానంగా పంచుకోవడం ఈ లీగ్‌ను సమతూకంగా నిలిపిన విధానాల్లో ఒకటి. ఆ మేలు నిజం. దానికి చెల్లించిన మూల్యమూ నిజమే. 32 జట్ల సైడ్‌లైన్లు నేడు రంగుల్లో తప్ప వేరుగా కనిపించడం అరుదు. అభిమానుల జ్ఞాపకంలో నిలిచిన ఫెడోరా, ఎర్ర వెయిస్ట్‌కోటు, కౌబాయ్ టోపీ, కత్తిరించిన హుడీలలో ఏదీ ఒప్పంద పత్రంలో పుట్టలేదు. ప్రతిదీ ఒక మనిషి ఎంపిక. మైక్ నోలన్‌కు ఇచ్చిన అనుమతి ఆదాయానికి ఏ నష్టమూ తేకుండా కోచ్ ఇష్టానికి చోటివ్వవచ్చని నిరూపించింది. ఆ వెసులుబాటును రెండు మ్యాచ్‌ల మినహాయింపుగా కాక కోచ్‌లందరి హక్కుగా గుర్తిస్తే, ఈ ఆట తన చరిత్రకు తగిన గౌరవం ఇచ్చినట్లవుతుంది.