తెలుగు వికీపీడియాలో స్వచ్ఛంద కార్యబృందాల ప్రవేశం: కోనసీమ గ్రామవ్యాసాల నేపథ్యం

వ్యాససంగ్రహం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సమాజాలలో స్వచ్ఛంద కార్యబృందంలో చేరడానికి రుసుము గాని, అర్హతాపత్రం గాని అవసరం లేదన్నది సాధారణాభిప్రాయం. తెలుగు వికీపీడియా చరిత్రలో ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో కోనసీమ గ్రామవ్యాసాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ద్వారం తెరిచే ఉన్నప్పటికీ లిపి సాంకేతికత, జనగణన దత్తాంశం, ఆధార నియమం అనేవి ఎవరు రాయగలరో, ఏమి రాయగలరో చాలావరకు నిర్ణయించాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, తెలుగు వికీపీడియా, స్వచ్ఛంద కార్యబృందం, యూనికోడ్, కోనసీమ, గ్రామచరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలుగులో విజ్ఞానసర్వస్వ రచన ఆరంభం నుండి సామూహిక శ్రమగానే సాగింది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనలో ప్రధానపాత్ర వహించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు తరువాత ఆంధ్రవిజ్ఞానసర్వస్వానికి పూనుకొని వివిధ శాస్త్రాల పండితులను కూడగట్టారు. అయితే ఆ బృందంలో చేరడానికి సంపాదకుని ఆహ్వానం కావాలి. సంపాదకుడే దానికి కేంద్రం కావడం వల్ల 1923లో ఆయన మరణంతో పని కుంటుపడింది. వెలువడిన సంపుటాలు అకారాన్ని దాటలేకపోయాయి.

2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో ఆహ్వానించే సంపాదకుడు లేడు. ఈ తేడాకు మూలం సాహిత్యరంగంలో లేదు, సాఫ్ట్‌వేరు రంగంలో ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుండి పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు భావనే 2001లో ఆంగ్ల వికీపీడియాకు పునాది. వికీపీడియాను నడిపే మీడియావికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. 2009 వరకు వికీపీడియా పాఠ్యమంతా గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు కింద వెలువడేది. సాఫ్ట్‌వేరు వాడుక పుస్తకాల కోసం రూపొందిన ఆ లైసెన్సు కిందనే తెలుగు గ్రామాల చరిత్రలు చాలాకాలం ప్రచురితం కావడం గమనార్హం. అందువల్ల తెలుగు వికీపీడియాను కేవలం రచనావేదికగా కాక, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సమాజానికి తెలుగు శాఖగా చూడడం సమంజసం.

2. ‘సభ్యుడు’ నుండి ‘వాడుకరి’ వరకు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సమాజాలన్నింటిలో ప్రవేశం ఒకే తీరుగా ఉండదు. 1993లో మొదలైన డెబియన్‌లో పూర్తిస్థాయి అభివృద్ధికారుడు కాదలచినవారికి ఇప్పటికే సభ్యులైనవారి సిఫారసు, వారు ధ్రువీకరించిన డిజిటల్ తాళంచెవి అవసరం. ప్రశ్నోత్తరాల దశ కూడా ఉంటుంది. అది ఒకరకంగా గురుకుల ప్రవేశం. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ మరొక మార్గం ఎంచుకొంది. ఇంజనీరింగు కళాశాలల్లో గ్నూ/లినక్స్ వాడుకరుల బృందాలను ఏర్పరచి, విద్యార్థులను తెలుగు అనువాదంలోకి, ప్రచారంలోకి తీసుకొంది. ఇక్కడ కళాశాలే ద్వారం. వికీపీడియాలో మాత్రం మొదటి దిద్దుబాటే ప్రవేశం. ఖాతా తెరవకపోయినా అక్షరదోషం సరిచేయవచ్చు. తెరిచినవారి చర్చాపేజీలో స్వాగత సందేశం పడుతుంది. సందేహం ఉంటే ‘రచ్చబండ’లో అడగవచ్చు. ఊరి మధ్య చెట్టుకింది అరుగు పేరును ఉమ్మడి చర్చాపేజీకి పెట్టిన తొలితరం రచయితలకు తాము నిర్మిస్తున్నది ఎలాంటి వ్యవస్థో స్పష్టంగానే తెలుసు.

ఆ తరం చేసిన అనువాదాలు ప్రత్యేక అధ్యయనానికి అర్హమైనవి. మూస, మొలక, దారిమార్పు, దిద్దుబాటు, వీక్షణ జాబితా వంటి పదాలకు కమిటీల ఆమోదం లేదు. వాడగా వాడగా స్థిరపడ్డాయి. వీటిలో ఒక మార్పు ఈ చర్చకు ముఖ్యం. ఖాతా ఉన్నవారి పేజీలకు తొలుత ‘సభ్యులు’ అన్న పేరుబరి ఉండేది. తరువాత అది ‘వాడుకరి’ అయింది. పాత పేరు సాఫ్ట్‌వేరులో మారుపేరుగా ఇప్పటికీ పనిచేస్తుంది. ‘సభ్యుడు’ అనగానే సభ, చేర్చుకొనే అధికారం, వెలివేసే అధికారం స్ఫురిస్తాయి. ‘వాడుకరి’ అనేమాటలో అవేవీ లేవు. కాని ఆ మాటలో బాధ్యత కూడా కొంత పలచబడిందన్నది కాదనలేనిది. వాడుకొనేవాడికి, పనిచేసేవాడికి ఒకే పేరు చెల్లడం వల్ల పనిభారం ఎందరిపై ఉందో పైకి కనిపించదు.

3. లిపి అనే గడప

ద్వారం తెరిచి ఉంటే సరిపోదు, లోపల అడుగుపెట్టడానికి తెలుగులో టైపు చేయగలగాలి. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరినా సామాన్య కంప్యూటరులో అది పనిచేయడానికి దశాబ్దం పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఫాంటు ఉంది. దాని పేరు గౌతమి. కోనసీమకు ఉత్తర, తూర్పు హద్దైన గోదావరి పాయ పేరు ప్రపంచమంతటా కంప్యూటర్లలో చేరింది గాని, ఆ పాయ ఒడ్డున ఉన్నవారికి ఆ ఫాంటుతో రాసే వీలు అంత సులభంగా రాలేదు. అది స్వేచ్ఛా ఫాంటు కూడా కాదు. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఆ లోటును కొంత తీర్చాయి.

రోమను అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి 1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ ఆ పద్ధతిలోని రాతను యూనికోడ్‌లోకి మార్చింది. 2006లో వీవెన్ దానిపై ఆధారపడి ‘లేఖిని’ని అందించారు. లేఖిని వచ్చిన తరువాతనే కొత్త రచయితల రాక ఊపందుకొంది. వీరిలో అధికులు ఆంగ్లమాధ్యమ విద్య, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, నిరంతర అంతర్జాల సౌకర్యం ఉన్నవారు; హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా నివాసులు.

ఇదే కాలంలో అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటిచోట్ల డి.టి.పి. కేంద్రాలలో రోజంతా తెలుగు టైపు చేసేవారున్నారు. శుభలేఖలు, తీర్థాల కరపత్రాలు, ఎన్నికల ప్రకటనలు వారి చేతిమీదుగా వెళ్ళేవి. వేగంలో గాని, వర్ణక్రమ పరిజ్ఞానంలో గాని వారు ఎవరికీ తీసిపోరు. కాని ఆ వృత్తిలో ప్రచారంలో ఉన్న అను ఫాంట్ల సంకేతపద్ధతి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ రాత అర్థంలేని రోమను అక్షరాలుగా మారిపోతుంది. జీవనోపాధిగా తెలుగు టైపు చేసినవారి నైపుణ్యం వికీలోకి నేరుగా ప్రవహించలేదు. తెలుగును ఆంగ్ల అక్షరాలలో ఊహించుకోగలవారు ముందుగా ప్రవేశించారు. స్వచ్ఛంద కార్యబృందాల సామాజిక స్వరూపాన్ని గురించిన చర్చల్లో తీరికకు, ఆదాయానికి ఇచ్చిన ప్రాధాన్యం ఈ సంకేతభేదానికి దక్కలేదు. తెలుగు విషయంలో ఇది వాటికంటె తక్కువ కారణమేమీ కాదు.

4. గ్రామవ్యాసం – దాని అచ్చు

తెలుగు వికీపీడియాలో కార్యబృందాలను ‘వికీప్రాజెక్టులు’ అంటారు. ఆరంభకాలపు ప్రాజెక్టులలో ఆంధ్రప్రదేశ్ మండలాలు, గ్రామాలకు సంబంధించినది విస్తృతమైనది. 2006–07 ప్రాంతంలో బాట్ల సాయంతో వేల గ్రామాలకు పేజీలు ఏర్పడ్డాయి. గ్రామం పేరు, మండలం, జిల్లా తెలిపే ఒకటి రెండు వాక్యాలే చాలా పేజీల్లో ఉండేవి. పేజీ ముందే ఉంటే ఆ ఊరివారు వచ్చి వివరాలు చేరుస్తారన్నది దీని వెనుక ఉన్న ఆశ. ఇది చేర్చుకొనే పద్ధతులలో ఒకటి: ఖాళీ ఇల్లు కట్టి ఉంచి, ఇంటివారు వస్తారని ఎదురుచూడడం. తరువాతి దశలో 2011 జనగణన దత్తాంశాన్ని వాక్యాలుగా మార్చి చేర్చారు. విద్య, వైద్యం, తాగునీరు, పారిశుధ్యం, రవాణా, భూవినియోగం, నీటిపారుదల, ఉత్పత్తి అనే శీర్షికలు దాదాపు అన్ని ఊళ్ళకూ ఒకే క్రమంలో వచ్చాయి.

ఈ కృషి విలువను తగ్గించలేము. ఏ గ్రంథంలోనూ ప్రస్తావన లేని చిన్న ఊరికి సైతం తెలుగులో ఒక పేజీ ఏర్పడింది. అయినా ఆ అచ్చులో కోనసీమ ఎంతవరకు ఇముడుతుందన్నది ప్రశ్న. జనగణన గుర్తించేది రెవెన్యూ గ్రామాన్ని. కోనసీమలో జనజీవనం చాలాచోట్ల శివారు గ్రామాలుగా, లంకలుగా విస్తరించి ఉంటుంది. ఏటిగట్టుకు లోపల ఉన్న లంకకు రెవెన్యూ గ్రామ హోదా లేకపోతే బాటుకు అది కనిపించదు. 1985లో మండల వ్యవస్థ రాకముందు అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకా కేంద్రాలు. పెద్దవారి మాటల్లో ఆ తాలూకాలు ఇప్పటికీ సజీవం. దత్తాంశం మాత్రం మండలంతో మొదలవుతుంది. అచ్చులో నీటిపారుదలకు శీర్షిక ఉంది, వరదకు లేదు. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు తుపాను తరువాత కొబ్బరితోటలు, ఇళ్ళు, వలసలు ఎలా మారాయో చెప్పకుండా ఈ ప్రాంతపు ఏ గ్రామచరిత్రా పూర్తికాదు. కాలువల పొడవు, సాగు విస్తీర్ణం చెప్పే దత్తాంశం ఆ మార్పును పట్టుకోలేదు.

ప్రభల తీర్థం మరొక ఉదాహరణ. కనుమనాడు జగ్గన్నతోటకు వ్యాఘ్రేశ్వరం, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక మొదలైన పదకొండు గ్రామాల రుద్రులు ప్రభలపై తరలివస్తారు. ప్రభ కట్టే వెదుళ్ళు, వరుస క్రమం, ఏ ప్రభ ఏ చేలకు అడ్డంగా ఏ కాలువ దాటి రావాలన్న ఆనవాయితీ – ఇవన్నీ ఆ పదకొండు ఊళ్ళ ఉమ్మడి జ్ఞానం. ఊరికొక పేజీ అనే ఏర్పాటులో ఇది ఏ ఒక్క పేజీకీ చెందదు. అంతకుమించిన చిక్కు ఆధారాలది. మౌలిక పరిశోధనకు చోటు లేదని, ప్రచురితమైన ఆధారం చూపాలని వికీపీడియా నియమం. ప్రభను తరతరాలుగా మోస్తున్న కుటుంబానికి చెందిన వ్యక్తి తానెరిగినది రాస్తే మరొక వాడుకరి ఆధారం కోరుతూ మూస పెట్టవచ్చు, తొలగించనూ వచ్చు. నియమం ప్రకారం అది తప్పు కాదు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థం ఢిల్లీలో కనిపించిన తరువాత పత్రికల్లో కథనాలు విరివిగా వచ్చాయి. అంటే ఆనవాయితీ ‘ఆధారసహితం’ కావడానికి అది రాజధాని వీధిలో కదలవలసి వచ్చింది.

పాశర్లపూడి 1995 జనవరి బ్లోఅవుట్‌తో, నగరం 2014 జూన్ గ్యాస్ పైపులైను పేలుడుతో పత్రికలకెక్కాయి. విపత్తు వచ్చిన ఊరికి ఆధారాలు దొరుకుతాయి. ప్రశాంతంగా ఉన్న ఊరు మొలకగానే మిగులుతుంది.

ఇక్కడ కొమర్రాజువారి పద్ధతితో పోలిక తిరిగి ఉపకరిస్తుంది. వారు విషయనిపుణుణ్ణి ఎంచుకొని, అతని పేరుమీద, అతని మాటమీద విశ్వాసం ఉంచారు. వికీ వ్యవస్థ రచయితను ఎంచుకోదు కనుక రచయిత మాటను నమ్మలేదు. నమ్మకాన్ని ప్రచురణకు బదిలీ చేస్తుంది. ప్రవేశం ఎంత సులభమైతే ఆధార నియమం అంత కఠినం కాక తప్పదు. రెండూ ఒకే ఏర్పాటుకు రెండు ముఖాలు. ప్రచురణ సంప్రదాయం బలంగా ఉన్న ప్రాంతాలకు ఇది భారం కాదు. మౌఖికంగా బ్రతికే జ్ఞానానికి మాత్రం ఇది పెద్ద అడ్డంకి.

5. 2022: జిల్లా పేరు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. తూర్పు గోదావరి నుండి 22 మండలాలతో కోనసీమ జిల్లా వేరుపడింది. మే నెలలో ప్రభుత్వం దానికి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చే ప్రతిపాదన వెలువరించగా, మే 24న అమలాపురంలో వ్యతిరేక ప్రదర్శన హింసకు దారితీసింది. మంత్రి, శాసనసభ్యుల ఇళ్ళు తగలబడ్డాయి. ఆగస్టులో పేరు అధికారికమైంది.

వికీ దృష్టితో ఇది ప్రతి గ్రామవ్యాసంలోనూ జిల్లా పేరు మార్చవలసిన పని. ఏప్రిల్‌లో ఒకమారు, పేరు ఖరారైన తరువాత మరొకమారు. ఆటోవికీబ్రౌజర్ వంటి అర్ధస్వయంచాలక ఉపకరణాలు ఉన్నా, రాష్ట్రమంతటా ఇలాంటి పేజీలు వేలల్లో ఉంటాయి కనుక ఈ పని కొద్దిమంది నిత్యకార్యకర్తలకు నెలల శ్రమ. వీధుల్లో గొడవకు కారణమైన పేరు ఇక్కడ రాజపత్రం ఆధారంగా మూసలో ఒక పంక్తిగా స్థిరపడుతుంది. దీన్ని తటస్థత అనవచ్చు. ఆ పేరు కోరినవారికీ, కాదన్నవారికీ దాని వెనుక ఉన్న శతాబ్దాల కులచరిత్ర ఆ పంక్తిలో లేదని కూడా అనవచ్చు.

జిల్లా ఏర్పాటు మరొక సమస్యను తెచ్చింది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం వరకు ఉన్న భూభాగం కోనసీమ అని వాడుక. కొత్త జిల్లాలో గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న రామచంద్రపురం రెవెన్యూ విభాగం కూడా చేరింది. అందువల్ల ప్రాంతానికి ఒక వ్యాసం, జిల్లాకు ఒక వ్యాసం వేరువేరుగా అవసరమయ్యాయి. మొదటిదాని హద్దులను నది గీసింది, రెండోదానివి రాజపత్రం గీసింది. ఏది ఎక్కడ ముగుస్తుందో, ద్రాక్షారామం ఏ వ్యాసంలో ఎంతవరకు చేరాలో నిర్ణయించే పని ‘సవరించు’ మీట నొక్కేవారిదే. ఆ మీట కోనసీమలోనూ పనిచేస్తుంది. ఇప్పుడు చరవాణిలోనే తెలుగు కీబోర్డు ఉంది, డి.టి.పి. కేంద్రం నాటి సంకేతభేదం కొత్తతరానికి అడ్డు కాదు.