బ్యాటరీ బొమ్మ వెలిగితే తప్పు బ్యాటరీదేనా?

డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలగగానే చాలామంది కొత్త బ్యాటరీ కొనేస్తారు. వేలు ఖర్చయ్యాక కూడా బండి మళ్లీ ఆగిపోతుంది. ఎందుకంటే ఆ లైటు చెప్పేది ఛార్జింగ్ గురించి.

ఇది డైనమో కాలం నాటి లైటు. ఒక కొస బ్యాటరీకి, ఇంకో కొస డైనమోకి ఉండేది. రెండువైపులా వోల్టేజి సమానమైతే ఆరిపోయేది. ఐడిల్‌లో డైనమో సరిపడా కరెంటు ఇవ్వలేదు, ట్రాఫిక్‌లో హెడ్‌లైట్లు డిమ్మయ్యేవి. ఆల్టర్నేటర్ ఆ పని చేయగలదు, కానీ ఇచ్చేది ఏసీ. బ్యాటరీకి డీసీ కావాలి. చిన్న సిలికాన్ డయోడ్లు వచ్చాక ఆ చిక్కు తీరింది. 1960 మోడల్ వాలియంట్‌లో క్రైస్లర్ ఆల్టర్నేటర్ పెట్టింది.

డైనమో పోయింది, లైటు మిగిలింది. పాత బళ్లలో ఓవర్‌ఛార్జ్ అయినా అది వెలగకపోవచ్చు. అందుకే నేను మల్టీమీటర్‌నే నమ్ముతాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు ఫుల్ ఛార్జ్ బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక సుమారు 13.8 నుంచి 14.5 చూపించాలి. పెరగకపోతే ముందు బెల్టు, వైర్లు చూడండి, తర్వాతే ఆల్టర్నేటర్. 15 దాటితే రెగ్యులేటర్‌ని అనుమానించండి. కొత్త కార్లలో కంప్యూటరే వోల్టేజి మారుస్తుంటుంది, ఒక్క రీడింగుతో తేల్చేయకండి. మీటరు చూశాకే పర్సు తీయండి!