ఆటగాళ్ల ఎంపికలో కుటుంబం, నడవడిక

వృత్తి క్రీడల్లో ఆటగాణ్ణి తీసుకునే ముందు అతని ఆటతోపాటు పెరిగిన ఇంటిని, నడవడికను కూడా విచారిస్తారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో కొత్తవారి ఎంపికకు డ్రాఫ్ట్ అని పేరు. 30 జట్లు వంతుల ప్రకారం కోరుకుంటాయి. ఎంపిక తప్పితే ఆ వంతు వృథా అయినట్లే. అందుకే ముందుగా ఆటగాడితో ముఖాముఖి మాట్లాడతారు, శిక్షకులను అడుగుతారు.

ఈ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. 1986 జూన్ 17న బోస్టన్ జట్టు రెండవ వంతులో లెన్ బయాస్‌ను ఎంచుకున్నది. రెండు రోజులకే కొకైన్ వల్ల అతడు మరణించాడు. వయస్సు 22.

పేదరికం మాత్రం అడ్డు కాలేదు. ఏథెన్స్ వీధుల్లో గడియారాలు, చలువ కళ్లద్దాలు అమ్మిన వలస కుటుంబపు బాలుడు యానిస్ అంటెటోకుంపోను 2013లో మిల్వాకీ జట్టు 15వ వంతులో తీసుకున్నది. 2021లో ఆ జట్టు విజేతగా నిలిచింది. పంజాబు రైతు బిడ్డ సత్నామ్ సింగ్‌ను 2015లో డల్లాస్ 52వ వంతులో ఎంచుకున్నది. భారతదేశంలో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతడే అయినా, ఎన్‌బీఏ మ్యాచ్ ఆడే అవకాశం దక్కలేదు.

మన క్రికెట్‌లో ఐపీఎల్‌కు డ్రాఫ్ట్ బదులు వేలం ఉన్నది. బాగేపల్లి మీదుగా పోయే జాతీయ రహదారికి ఒకవైపు హైదరాబాదు, మరొకవైపు బెంగళూరు. మహమ్మద్ సిరాజ్ జీవితం ఈ రెండు నగరాలతోనూ ముడిపడినది. ఆటో డ్రైవరు కుమారుడైన అతణ్ణి 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నది. మూల ధర 20 లక్షలే. మరుసటి ఏడు బెంగళూరు జట్టు తీసుకున్నది. 2020 నవంబరులో తండ్రి మరణించినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్లేందుకు బోర్డు అవకాశమిచ్చినా జట్టుతోనే ఉండిపోయాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. ఇటువంటి నిబ్బరం ఏ ముఖాముఖిలోనూ ముందుగా తేలేది కాదు.

విచారణలో తప్పక బయటపడేది ఇంకొకటున్నది, వయస్సు. బడిలో చేర్చేటప్పుడు తోచిన తేదీ వ్రాయించడం పల్లెల్లో కొత్తేమీ కాదు. బాలుర పోటీల్లో బీసీసీఐ మణికట్టు ఎక్స్‌రే ద్వారా ఎముకల వయస్సు పరీక్షిస్తుంది. తప్పుడు జనన పత్రం ఇచ్చినవారు తామే ఒప్పుకుంటే నిషేధం ఉండదనీ, పట్టుబడితే రెండేళ్లు తప్పదనీ 2020లో ప్రకటించింది. పిల్లవాణ్ణి శిబిరానికి పంపేముందు జనన పత్రంలోని తేదీ, బడి రికార్డులోని తేదీ ఒకటేనా అని తల్లిదండ్రులు సరిచూసుకోవలెను.