గుండెకి ఆజ్ఞ ఇచ్చేదెవరు?

బతికున్న కొర్రమీనుని దగ్గరుండి కోయించుకున్నవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. తల తీసేసి, పొట్ట చీల్చి, లోపలిదంతా పక్కన పడేశాక కూడా ఆ చిన్న ఎర్రటి ముద్ద కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. మెదడు లేదు, నరాలు తెగిపోయాయి, చేప ఎప్పుడో చచ్చిపోయింది. గుండెకి మాత్రం ఇంకా ఆ కబురు అందలేదు. మరి దాన్ని కొట్టుకోమని చెబుతున్నదెవరు?

ఇది చాలా పాత ప్రశ్న. రెండో శతాబ్దంలో రోమ్ నగరంలో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు గాలెన్, శరీరం నుంచి బయటికి తీసిన గుండె కూడా కొట్టుకుంటుందని గమనించి, అది నరాల మీద ఆధారపడటం లేదని తేల్చాడు. అంత బాగా చూసినవాడే, రక్తం కాలేయంలో తయారై అవయవాలకి వెళ్ళి అక్కడే ఖర్చయిపోతుందని కూడా నమ్మాడు. ఆయన మాటకి ఎంత గౌరవమంటే, పధ్నాలుగు వందల ఏళ్ళ పాటు యూరప్‌లో దాదాపు అందరూ అదే పాఠం వల్లె వేశారు.

ఆ పాఠాన్ని పడగొట్టింది ఎక్కాల లెక్క. ఇంగ్లండ్‌లో విలియం హార్వే ఒక్కో దెబ్బకి గుండె ఎంత రక్తం తోస్తుందో తక్కువలో తక్కువగా అంచనా వేసి, అరగంటలో ఎన్ని దెబ్బలో దాంతో గుణించాడు. వచ్చిన మొత్తం శరీరంలో ఉన్న రక్తం కంటే ఎక్కువ! అంత రక్తం అరగంటకోసారి కొత్తగా తయారవటం అసాధ్యం కాబట్టి, ఉన్న రక్తమే తిరుగుతూ ఉండాలి అని 1628లో పుస్తకం అచ్చువేశాడు. ఇప్పటి లెక్క ప్రకారం విశ్రాంతిగా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్లు తోస్తుంది. ఒంట్లో ఉన్న రక్తమూ దాదాపు అంతే. అంటే ఈ పేరా చదివేలోపు మీ రక్తంలో చాలాభాగం ఒక చుట్టు తిరిగి వచ్చేసిందన్నమాట.

సరే, గుండె ఒక పంపు అని తేలింది. ఆ పంపుకి స్విచ్ ఎక్కడుంది?

ఇక్కడ మన భాషలో ఒక తమాషా ఉంది. వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేదీ నాడే, మెదడు నుంచి ఆజ్ఞలు మోసేదీ నాడే. పంతొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తల గొడవంతా సరిగ్గా ఈ రెండు నాడుల మధ్యే. చేతిలో కొట్టుకునే నాడికి మూలం నరాల్లో ఉన్న నాడి అని ఒక వర్గం, కాదు, గుండె కండరానికే ఆ గుణం ఉందని ఇంకో వర్గం. బయటికి తీసిన గుండె కొట్టుకుంటోంది కదా అంటే, గుండెలోపల కూడా చిన్న చిన్న నరాల ముడులున్నాయి, పని వాటిదే అని మొదటివాళ్ళ జవాబు. 1880ల్లో కేంబ్రిడ్జిలో వాల్టర్ గాస్కెల్ తాబేలు గుండెని అడ్డంగా కొద్దికొద్దిగా కోస్తూ పోయి, కదలిక ఒక కండరం నుంచి పక్క కండరానికి అలలా పాకుతోందని, దారి మరీ ఇరుకైతే ఆ అల అక్కడే ఆగిపోతోందని చూపించాడు. ఆ ఆగిపోవటానికి ‘బ్లాక్’ అన్న మాట వాడాడు. ఇవాళ డాక్టర్లు హార్ట్ బ్లాక్ అంటున్నది ఈ విద్యుత్తు దారి మూసుకుపోవటాన్నే. రక్తనాళంలో కొవ్వు అడ్డుపడటాన్ని కూడా మనవాళ్ళు బ్లాక్ అనే అంటారు గానీ, అది వేరు.

ఇది కేవలం ప్రయోగశాలలో కూర్చున్నవాళ్ళ తగాదా కాదు. డబ్లిన్ నగరంలో రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో ఒక వింత జబ్బు గురించి రాశారు. నాడి బాగా నెమ్మదిగా ఉంటుంది, మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి పడిపోతాడు, మళ్ళీ లేస్తాడు, ఒకరోజు లేవడు. జబ్బుకి ఇద్దరి పేర్లూ పెట్టారు గానీ, ఎక్కడ ఏం తెగిందో ఎవరికీ తెలియలేదు. తీగ ఉందని తెలిస్తే కదా తెగిందని తెలిసేది!

నిజానికి ఆ తీగ ముక్కలు ముక్కలుగా అప్పటికే దొరుకుతోంది. 1839లో పర్కింజీ గొర్రె గుండె లోపలి గోడమీద విచిత్రమైన తంతువుల్ని చూశాడు, ఎందుకున్నాయో తెలియలేదు. 1893లో విల్‌హెల్మ్ హిస్ పై గదుల్నీ కింది గదుల్నీ కలుపుతున్న సన్నటి కండరపు కట్టని చూశాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు.

తట్టినవాడు సునావో తవారా అనే జపాన్ యువకుడు. 1903లో జర్మనీలోని మార్‌బుర్గ్ వెళ్ళి లుడ్విగ్ ఆషాఫ్ దగ్గర చేరాడు. ఆయన అప్పగించింది వేరే పని: గుండె విఫలమవటానికి కండరంలో వాపు కారణమేమో చూడమన్నాడు. తవారా గుండెల్ని పల్చటి పొరలుగా కోసి, ఒక్కొక్క పొరనీ వరసగా మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకుంటూ పోయాడు. ఎవరో రాసి, ఒక్క కామెంటు కూడా పెట్టకుండా వెళ్ళిపోయిన ప్రోగ్రాముని లైను లైనుగా చదవటం లాంటి పని. అలా చదివితే హిస్ చూసిన కట్టకి పైన ఒక చిన్న ముడి కనపడింది. కట్ట కిందికి దిగి, రెండు కొమ్మలై, చివరికి పర్కింజీ చూసిన తంతువుల్లో కలిసిపోయింది. అవి వేరు వేరు ముక్కలు కావు, మొత్తం ఒకటే చెట్టు. 1906లో పుస్తకం వచ్చింది. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్ళు కర్ణికా జఠరికా కణుపు అని బట్టీ పట్టింది ఈ ముడినే.

మరి ఈ చెట్టుకి మొదటి సంకేతం ఎక్కణ్ణుంచి వస్తోంది? తవారా పుస్తకం స్ఫూర్తితో లండన్ శరీరశాస్త్రవేత్త ఆర్థర్ కీత్ వెతకటం మొదలుపెట్టాడు. కెంట్ ప్రాంతంలో ఆయన పల్లెటూరి ఇల్లే ప్రయోగశాల. ఒకరోజు కీత్ దంపతులు సైకిళ్ళ మీద షికారుకి వెళ్ళి వచ్చేసరికి, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి ఒక చుంచులాంటి జంతువు, ఇంగ్లీషువాళ్ళు మోల్ అనేది, దాని గుండెలో కుడి కర్ణిక పైన ఒక కొత్త నిర్మాణం కనపడిందని ఉత్సాహంగా చూపించాడు. 1907లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. అదే సిరా కర్ణికా కణుపు, గుండెకి గడియారం. ఆ కణాలు ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురుచూడవు. కొట్టాక విశ్రాంతిగా ఊరుకోకుండా, వాటి పొరల్లోంచి సోడియం మెల్లగా లోపలికి కారుతుంది, వోల్టేజీ పెరుగుతుంది, ఒక గీత దాటగానే మళ్ళీ కొడతాయి. నరాలు చెయ్యగలిగిందల్లా వేగం పెంచటం, తగ్గించటం.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది మాత్రం తవారా ముడి. పై నుంచి వచ్చిన సంకేతాన్ని అది వెంటనే పంపదు, సెకనులో సుమారు పదో వంతు పట్టి ఉంచుతుంది. పై గదులకీ కింది గదులకీ మధ్య విద్యుత్తు పారని పీచు పొర ఉంటుంది కాబట్టి, మామూలుగా ఇంకో దారి లేదు. నా వృత్తిలో ఎవరైనా ప్రోగ్రాములో ఊరికే ఆగే స్లీప్ లైను పెడితే రివ్యూలో చీవాట్లు తప్పవు. ఇక్కడ ఆ ఆలస్యమే ప్రాణం. కర్ణికలు తమ రక్తాన్ని జఠరికల్లోకి దించటానికి ఆ కాస్త సమయం కావాలి. ఆ తరవాత సంకేతం పర్కింజీ తంతువుల్లో రివ్వున పరుగెత్తి, జఠరికలు రెండూ ఒక్కసారిగా బిగుసుకునేలా చేస్తుంది. ఆగవలసిన చోట ఆగటం, పరుగెత్తవలసిన చోట పరుగెత్తటం. ఈ రెండూ లేకపోతే గుండె కదిలే కండరమే గానీ పంపు కాదు.

ఆ సన్నటి కట్ట విలువ 1950ల్లో ఇంకా గట్టిగా తెలిసొచ్చింది. మినియాపొలిస్‌లో వాల్టన్ లిలహై చిన్నపిల్లల గుండెల్లో కింది గదుల మధ్య రంధ్రాలు కుట్టటం మొదలుపెట్టాడు. ఆ కట్ట సరిగ్గా రంధ్రం అంచునే పోతుంది, కంటికి ఆనదు. రంధ్రం మూసుకునేది, కొందరు పిల్లలకి కుట్టు కట్ట మీద పడి గుండె ఆగినంత పనయ్యేది. గోడకున్న ప్లగ్గులోంచి కరెంటు తీసుకునే పెట్టెతో వాళ్ళ గుండెల్ని నడిపించేవారు. 1957 అక్టోబరు 31న ఊళ్ళో కరెంటు పోయింది. ఆ తరవాత లిలహై అడిగితే, ఎర్ల్ బాకెన్ అనే ఇంజనీరు ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో సంగీతానికి తాళం వేసే మెట్రొనోమ్ సర్క్యూట్ చూసి, నాలుగు వారాల్లో బ్యాటరీతో నడిచే పేస్‌మేకర్ చేసిచ్చాడు. గుండెకి కావలసింది కూడా తాళమే కదా!

మరుసటి ఏడు, 1958 అక్టోబరు 8న, స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ అనే రోగికి మొదటిసారి పేస్‌మేకర్‌ని శరీరం లోపలే అమర్చారు. డబ్లిన్ డాక్టర్లు రాసిన జబ్బే అతనిది, రోజుకి పదుల సార్లు స్పృహ తప్పేవాడు. అలాంటి యంత్రం ఇంకా తయారు కాలేదన్నా వినకుండా, అతని భార్య ఎల్స్ మేరీ డాక్టర్ సెనింగ్ చుట్టూ, ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ చుట్టూ తిరిగి ఒప్పించింది. మొదట పెట్టింది కొన్ని గంటలే పనిచేసింది, వెంటనే ఇంకొకటి పెట్టారు. అలా జీవితకాలంలో పాతికకి పైగా మార్చారు. ఎల్మ్‌క్విస్ట్ 1996లో, సెనింగ్ 2000లో చనిపోయారు. లార్సన్ ఆ ఇద్దరినీ సాగనంపి, 2001లో 86 ఏళ్ళ వయసులో పోయాడు. అదీ క్యాన్సర్‌తో, గుండెజబ్బుతో కాదు.